రెండో తూటా

కల్లు మత్తులో సదానందం బ్యాంకు మేనేజరు మీదికి తుపాకి ఎత్తాడట. మేనేజరు బల్ల కిందికి దూరేసరికి గురి తప్పి, వాకిట్లో నిలబడ్డ, బ్యాంకు ఊడ్చే పోశవ్వ కాలికి తగిలిందట. బీడీల కార్ఖానా దగ్గర ఎవరో అనుకుంటుంటే యాదవ్వ విన్నది. విన్నది విన్నట్టే నల్లా దగ్గర చెప్పింది. ఆ మాటను బిందెతో పాటు నడుమున పెట్టుకొచ్చిన కోమల, గడప దాటకముందే మొగుడి ముందు దించింది.

"ఇంకో మాట గూడ అంటున్నది యాదవ్వ. దొంగలొచ్చిండ్రట, నువ్వు భయానికి కండ్లు మూసుకొని కాల్చినవట. రెండిట్ల ఏదో ఒకటి ఒప్పుకోమన్నట్టు నా మొకం దిక్కే చూస్తున్నరు అందరు."

సదానందం మంచం మీద కూచొని కుడిచేతి చూపుడువేలు చూసుకుంటున్నాడు. రెండు రోజుల్లో నాలుగుసార్లు సబ్బు పెట్టి రుద్దినా గోరు సందులో నూనె నలుపు పోలేదు. నిన్న దసరా. చేతిలో జమ్మి ఆకు పెట్టి అలాయి బలాయి చెప్పడానికి గల్లీలో ఒక్కరూ ఈ ఇంటి మెట్టెక్కలేదు. తనూ ఎవరింటికీ పోలేదు.

"నేను తాగలే" అన్నాడు.

"నాకు తెల్వదా? తాగితే జరసేపు నిద్రన్న పోయేటోనివి."

కోమల బిందె దించి, తునికాకు చాట ఒళ్లోకి లాక్కుంది. నాలుగు బీడీలు చుట్టింది. అయిదోదానికి తంబాకు పోస్తూ, తల ఎత్తకుండానే అడిగింది.

"గా రోజు నాతోని పటాకి పేలిందన్నవు. యాదవ్వ చెప్పవట్టె, మంది చెప్పవట్టె. నువ్వైతే చెప్పకపోతివి. ఎట్లయింది?"

సదానందం చెప్పడం మొదలుపెట్టాడు. పండుగ రోజు సెలవు కాబట్టి బ్యాంకులో ఆయుధపూజ ముందురోజు సాయంత్రమే చేశారు. కౌంటర్లు మూశాక అమ్మవారి పటం ముందు బల్ల వేసి నోట్లు లెక్కపెట్టే మిషను, తాళాల గుత్తి, పెద్ద కత్తెర పెట్టారు. "నీ ఆయుధం గూడ తే సదానందం" అన్నాడు మేనేజరు. ఆ మాట వస్తుందని సదానందం పొద్దుటి నుంచీ ఎదురుచూస్తున్నాడు. తుపాకిని అప్పటికే పాతబట్టతో తుడిచి, సాంచె నూనె పట్టించి, కర్ర మీద మూడు బొట్లు పెట్టి ఉంచాడు. సాంచె అంటే మరమగ్గం. నిరుడు ఆసామి మగ్గాలు అమ్ముకునేదాకా ఇరవై రెండేళ్లు వాటి మధ్యనే నిలబడ్డాడు. ఆ తర్వాతే బ్యాంకు కాపలాకు కుదిరాడు.

"నూనె యాదవ్వ ఇంట్లకెళ్లి నేనే అడుక్కొచ్చిచ్చిన గద" అన్నది కోమల. "గది సరే. రోజు సాయంత్రం తూటలు తీసి సొరుగుల పెడ్తనంటివి. గా దినం తియ్యలేదా?"

 పక్కింటి షెడ్డులో ఎవరో సాంచె మొదలుపెట్టారు. టకటకల చప్పుడుకు గోడ మీది అద్దం సన్నగా వణికింది.

"ఖాళీ సాంచెకు పూజ చేస్తమా మనం?" అన్నాడు చివరికి.

తంబాకు పోస్తున్న కోమల చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఆమెకు ఇంకేమీ చెప్పక్కరలేదు. పెళ్లయి వచ్చిన ఏడాది నుంచీ చూస్తున్నది. దసరాకు పని బందు పెట్టినా మగ్గం మీద నిలువుపోగుల పడుగు ఉండాలి. అడ్డపోగు నడిపే నాడెలో నూలు చుట్టిన నిండు కండె ఉండాలి. కండె లేని నాడెను పూజలో పెడితే ఏడాదంతా చెయ్యి ఖాళీ. పూజ ముందర కండె నిండుగా ఉందో లేదో బొటనవేలుతో ఒత్తి చూసుకునేవాడు సదానందం. బ్యాంకులోనూ ఆ వేలే తుపాకి విప్పి, లోపల రెండు తూటాలూ ఉన్నాయని ఒత్తి చూసి, మళ్లీ మూసింది.

"మర్చిపోయిన అను" అన్నది కోమల, గొంతు తగ్గించి. "ఎవ్వలడిగినా మర్చిపోయిననే చెప్పు. గీ ముచ్చట నా తాన అన్నవు, మళ్ల ఇంకెవ్వల తాన అనకు."

"కొబ్బరికాయ కొట్టినంక తుపాకి ఎత్తిన. నూనెకు జారింది" అన్నాడు సదానందం, ఆమె మాట విననట్టు. "జారితే ఇడిచిపెట్టాలె. గా తుపాకి హన్మంతు సాబ్‌ది. నిర్మల్ నుంచి వచ్చి నాకు నేర్పిననాడు పదిసార్లు చెప్పిండు. తుపాకి జారితే పట్టకు, పడనియ్యి, కర్ర ఇరిగితే కర్ర దొరుకుతది అని. నేనేమో పట్టిన."

పట్టకుండా ఎట్లా ఉంటాడు? చేతిలోంచి నాడె జారి పడుగు మీద పడితే నూరు పోగులు తెగుతాయి. అవి అతుక్కుంటూ కూచుంటే ఆ పూట కూలి పోయినట్టే. అందుకే జారినదేదైనా కిందికి చేరకముందే అందుకోవడం సాంచెల దగ్గర బతికిన చేతికి ఊపిరంత అలవాటు. వంగి, అరచేయి కిందికి పోనిచ్చి, వేళ్లు ముడిచి పట్టుకున్నాడు. చూపుడువేలు పోకూడని చోటికి పోయింది.

గొట్టం నేలవైపు ఉండబట్టి బండ పగిలింది. చిట్లిన రాళ్లూ సీసం గుండ్లూ ఎగిరి వాకిలి దిక్కు పోయాయి. పోశవ్వ గడపకు అవతల, కొబ్బరి ముక్క కోసం కొంగు పట్టుకొని నిలబడి ఉంది. అరవలేదు. నిలబడ్డది నిలబడ్డట్టే కూలబడి, కొంగులోంచి పడ్డ ముక్కను అందుకోవడానికి చెయ్యి చాపింది.

"కుయ్యిమన్నది చెవుల. ఆమె ఏమన్నదో నాకినవడలే" అన్నాడు సదానందం. "ఎత్తుకొని ఆటోల ఏసుకొని పోయిన. తుపాకి ఆడ్నే పడ్డది. గది రెండు గొట్టాల తుపాకి కోమలా. పేలింది ఒక్కటే."

కోమల అప్పుడు తల ఎత్తింది.

అతన్ని రెండు రోజులుగా తినేస్తున్నది అదే. ఆటోలో పోశవ్వ కాలికి తువ్వాల కడుతుంటే గుర్తుకొచ్చింది. దవాఖాన వరండాలోంచే మేనేజరుకు ఫోన్ చేశాడు. "లోపల పెట్టి తాళమేసినం, ఎవరు ముడ్తరు? పరేషాన్ చెయ్యకు, పిలిచేదాంక ఇటు రాకు" అన్నాడు మేనేజరు. దసరా రోజు పొద్దున చేస్తే ఎత్తలేదు. తుపాకిని ఎవరు తీశారు, ఎట్లా పెట్టారు, గొట్టం ఏ దిక్కుకుంది, తాళం తీసి ముందుగా లోపలికి పోయేది ఎవరు అని మంచం మీద దొర్లుతూ లెక్క వేసుకున్నాడు. కళ్లు మూస్తే గొట్టం కనిపించింది.

ఫోన్ మోగింది. ఏజెన్సీ సూపర్వైజరు దశరథం. బ్యాంకులకు కాపలావాళ్లను పెట్టే ఆ ఏజెన్సీకి ఈ జిల్లాలో పెద్దదిక్కు అతనే.

"సదన్నా, ఇంట్లనే ఉండు. వస్తున్న. తుపాకి తీస్కున్న బ్యాంకుల నుంచి."

సదానందం లేచి నిలబడ్డాడు. "సార్, రెండోది తీసిండ్రా?"

"ఏం రెండోది?"

"తూట సార్. ఇంకోటి లోపల్నే ఉన్నది. బండి మీద పెట్టకుండ్రి, ఆడ్నే ఉండుండ్రి, నేనే వస్త..."

అవతల బండి మొదలైన చప్పుడు వచ్చింది. లైను తెగిపోయింది.

మళ్లీ చేశాడు. మోగి మోగి ఆగింది. చెప్పులు కూడా వేసుకోకుండా గల్లీ మొదటికి ఉరికాడు. బ్యాంకు నుంచి ఇంటికి మార్కెట్ దాటి, బస్టాండ్ దాటి రావాలి. దారిలో మూడు స్పీడ్ బ్రేకర్లున్నాయి. నల్లా దగ్గర ఇంకా నలుగురు ఆడవాళ్లు బిందెలు పట్టుకొని నిలబడి ఉన్నారు. "జర లోపలికి పోండ్రి" అన్నాడు వాళ్లతో. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. యాదవ్వ మాత్రం, "గిప్పుడు ఎవల్ని కాలుస్తవు సదానందం?" అన్నది. నవ్వుదామనుకున్న వాళ్లు అతని మొహం చూసి నవ్వలేదు. బిందెలు వదిలేసి గోడవారకు జరిగారు.

దశరథం మలుపు తిరిగాడు. పెట్రోలు ట్యాంకు మీద ఏటవాలుగా, పూల దుప్పట్లో చుట్టిన పొడుగాటి మూట. దాని కొన అతని ఎడమ చంక కింద ఆనుకొని ఉంది.

సదానందం రెండు చేతులూ పైకెత్తాడు. "ఆపుండ్రి సార్. ఆపి గట్లనే కూసోండ్రి. దిగకుండ్రి. చెయ్యి పెట్టకుండ్రి దానికి."

"ఏమైందే?"

"కదలకుండ్రి అంటున్న గద!"

ఆ గొంతుతో సదానందం ఎవరితోనూ మాట్లాడి ఎరుగడు. దశరథం బిగుసుకుపోయాడు. సదానందం "కోమలా, బూడిద" అని కేకేశాడు. ఆమె పొయ్యిలోంచి దోసెడు తెచ్చి పోసింది. రెండు అరచేతులకూ రుద్దుకొని, దులుపుకొని, అంగీకి తుడుచుకున్నాడు. గోడ కట్టడానికి ఎవరో పోయించిన ఇసుక కుప్ప అటుపక్కన ఉంది. దాని దిక్కున మనిషి గానీ మేక గానీ లేకుండా చూసుకున్నాడు. అప్పుడు దుప్పటి ముడి విప్పాడు.

చూపుడువేలును కర్ర పొడుగునా చాచి పెట్టుకున్నాడు, అది తన వేలు కానట్టు. కొనను మెల్లగా దశరథం చంక కింది నుంచి తప్పించి, ముందుగా ఆకాశం దిక్కుకు, ఆపైన ఇసుక దిక్కుకు తిప్పాడు. కర్ర మెడ మీద సేఫ్టీ మీట ముందుకే జరిగి ఉంది. దాని కింద, పేలడానికి సిద్ధమని చెప్పే ఎర్రచుక్క కనబడుతున్నది. ఆ రోజు నూనెబట్ట పెట్టి రుద్దుతుంటే జరిగి ఉంటుంది. జరగడం తను చూసుకోలేదు. ఇప్పుడు ఆ మీటను వెనక్కి లాగి, లివరు నొక్కి, తుపాకిని నడుముకు విరిచి తెరిచాడు.

లోపల పక్కపక్కన రెండు ఇత్తడి బిళ్లలు. ఒకదాని నడుమ చిన్న సొట్ట. రెండోది నున్నగా, కొత్తగా ఉంది.

రెండూ తీసి కోమల చాపిన చాటలో వేశాడు. చిటికెన వేలు ఒక్కో గొట్టంలో పెట్టి చూశాడు. కంటితో చూసింది చాలదు, వేలుతో చూడాలని హన్మంతు సాబ్ మాట. తర్వాత గొట్టాలను పైకెత్తి అటునుంచి చూశాడు. రెండు గుండ్రటి ఆకాశం ముక్కలు కనిపించాయి. 

దశరథం ఇంకా బండి మీదే ఉన్నాడు. చంక తడుముకుంటున్నాడు. "గిది... గిట్లనే మార్కెట్ల నుంచి..." అని ఆగిపోయాడు. యాదవ్వ చెంబుతో నీళ్లు తెచ్చి అతని చేతికిచ్చి, చాటలోకి తొంగిచూసింది. "గింతేనా? పౌడరు డబ్బి మూతంత లేదు" అన్నది.

ఇంట్లోకి వచ్చి కూచున్నాక దశరథం చెంబెడు నీళ్లూ తాగేశాడు. తూటాలను రుమాల్లో కట్టాడు. ముడి రెండుసార్లు జారింది. మూతి తుడుచుకొని, సదానందం భుజం మీద చెయ్యి వేశాడు.

"సదన్నా, నా పానం కాపాడినవ్. ఇగ నీది నేను కాపాడుత."

అంగీ లోపలి నుంచి మడత కాగితం తీసి చాటలోని ఆకుల మీద పరిచాడు. పోశవ్వ చెప్పినట్టుగా టైపు చేసి ఉంది. కింద సాక్షిగా మేనేజరు సంతకం అప్పటికే పడింది. పక్కన రెండో సాక్షికి చోటు ఖాళీగా ఉంది. సదానందం చదివాడు. తుపాకి గోడకు ఆనించి ఉందట. ఊడుస్తున్న పోశవ్వ దాన్ని తన చేతితో పక్కకు జరిపిందట. అది కిందపడి పేలిందట.

"పోశక్క జరిపిందా?" అన్నాడు సదానందం.

"దవాఖానోళ్లు పోలీసులకు రాసి పంపిండ్రు. సోమవారం వాళ్లొచ్చి అడుగుతరు, తుపాకి ఎవల చేతుల ఉండె అని. నీ చేతుల ఉండె అన్నవనుకో, లైసెన్స్ ఏదంటరు. లైసెన్స్ ఎవలిది? హన్మంతుది. గాయిన లైసెన్స్ మీద నిన్ను నిలవెట్టింది నేను. ముందుగాల నువ్వు లోపలికి, ఎనుక గా ముసలాయన, గాయినెనుక నేను. ఏజెన్సీ బందైతది. నీ అసొంటోళ్లు ఎంతమంది సాంచెలు పోయి నా తానకొచ్చిండ్రో నీకెర్కనే. గోడకుండె అంటే ఎవ్వలు లేరు. గోడనేం పట్కపోతరా?"

"మరి ఆమె?"

"ఆమెకేమైతది? ముసలామెను జైల్ల పెడ్తరా? దవాఖాన సంగతి ఏజెన్సీ చూస్కుంటది. వేలు ముద్ర పెడితే ఖతం. ఆదివారం నువ్వే వచ్చి చదివి వినిపియ్యి. నువ్వు చెప్తే నమ్ముతది."

సదానందం కోమల వంక చూశాడు. కోమల చాట అంచున రాలిన తంబాకును వేలుతో ఒకచోటికి చేరుస్తున్నది. తల ఎత్తలేదు. దశరథం పెన్ను మూత తీసి ఇచ్చాడు. సంతకం పెట్టేటప్పుడు పెన్నును పై నుంచి ఒత్తింది ఆ నల్లగోరు వేలే.

దశరథం వెళ్లిపోయాక కోమల అడిగింది. "గా కాయిదం ఆయ్నె చదవచ్చు గద. నువ్వెందుకు?"

 ఎందుకో సదానందానికి తెలుసు. రోజూ పొద్దున తొమ్మిదికి ముందే పోశవ్వ చీపురు పట్టుకొని వస్తుంది. తుపాకి సొరుగు పక్కన పెట్టి సదానందం ఒక్కో కుర్చీ ఎత్తుతాడు. ఆమె దాని కింద ఊడుస్తుంది. అతను దించుతాడు. కుర్చీలు ఎత్తడం కాపలావాడి పని కాదు. పోయిన ఎండాకాలం ఒకనాడు అతను ఆలస్యంగా వచ్చాడు. అప్పటికే పోశవ్వ మేనేజరు కుర్చీని తనే జరిపి ఊడ్చింది. మేనేజరు ఏమీ అనలేదు. అటెండరును పిలిచి, తడిబట్టతో కుర్చీ తుడిపించి, ఆరాక కూచున్నాడు. ఆమె చీపురు పట్టుకొని చూస్తూ నిలబడింది. అందరూ చూశారు. మరునాటి నుంచి సదానందం పావుగంట ముందే రావడం మొదలుపెట్టాడు. ఆ సంగతి వాళ్లిద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు. మధ్యాహ్నం అతను తన ఛాయ్‌లో సగం ఫ్లాస్కు మూతలో పోసి గడప మీద పెడితే, "నీకు తక్కువైతది గద తమ్మీ" అనేది, అంతే.

ఆదివారం కరీంనగర్ పెద్ద దవాఖానలో, మూడో అంతస్తులో, కిటికీ పక్క మంచం మీద పోశవ్వ ఉంది. కట్టు కట్టిన కాలు దిండు మీద ఎత్తిపెట్టి ఉంది. బిడ్డ వినోద పక్కన స్టూలు మీద కూచొని అన్నం కలుపుతున్నది. గుండ్లు తీశారట. ఒకటి ఎముక పక్కన ఉండిపోయిందట. దాన్ని కదిపితే నడక పోతుందో, కదపకపోతే పోతుందో డాక్టర్లు ఇంకా చెప్పలేదట.

"వచ్చినవా తమ్మీ" అన్నది పోశవ్వ. "మొకం గట్ల గుంజుకపోయిందేందే? తిన్నవా?"

 వెనకనే దశరథం, అతని వెనక ఆపిల్ పండ్ల సంచితో మేనేజరు వచ్చారు. మేనేజరు సంచిని వినోద చేతికివ్వకుండా మంచం అంచున పెట్టాడు. వినోద లేచి స్టూలు జరిపింది. "ఉండనీ, ఉండనీ" అన్నాడు మేనేజరు, నిలబడే.

దశరథం కాగితం సదానందం చేతికిచ్చి, సిరా డబ్బా మూత తీశాడు. "పోశవ్వా, రేపు పోలీసులొస్తరు. నిన్ను సతాయించకుండ ఒక కాయిదం రాసినం. సదానందం చదువుతడు ఇను. ఇని వేలు ముద్ర పెట్టు."

సదానందం చదివాడు. ఆమె పేరు చదివాడు. పెనిమిటి పేరు, ఊరి పేరు, తారీకు చదివాడు. 'గోడకు ఆనించి ఉన్న' అన్నచోట కళ్లు ఆగాయి.  పక్క మంచం మనిషి దగ్గుతున్నాడు. దగ్గు ఆగేదాకా ఆగాడు. మళ్లీ మొదలుపెట్టాడు, కళ్లు కాగితం మీదనే పెట్టి, అదే చదివే గొంతుతో.

"తుపాకి సదానందం చేతుల ఉండె. నూనె రాసింది సదానందం. రెండు తూటలు లోపల పెట్టి పూజకు పెట్టింది సదానందం. మర్చిపోయి గాదు. ఖాళీ సాంచెకు పూజ చెయ్యరని, ఎర్కుండే పెట్టిండు. జారితే ఇడ్వకుండ పట్టింది గూడ ఆయ్నె. పోశక్క గడప అవుతల ఉండె. ఆమె కొంగుల కొబ్బరి ముక్క తప్ప ఏం లేకుండె."

వినోద చేతిలోని అన్నం ముద్ద అట్లాగే ఉండిపోయింది. మేనేజరు దశరథం వైపు తిరిగి, "గిట్ల రాసిందా దాంట్లె?" అన్నాడు.

దశరథం కాగితం గుంజుకున్నాడు. "మొన్న పానం పోసినోనివి, గిప్పుడు పానం తీస్తున్నవ్ గదనే" అన్నాడు పళ్ల సందున. పోశవ్వ వైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు. "ఆయినకు నాలుగు రోజుల సంది నిద్ర లేదు పోశవ్వా, ఏదేదో అంటుండు. అసలు రాసింది నేను చదువుత." కాగితాన్ని వెలుతురుకు పెట్టి, బడిలో పాఠం చెప్పినట్టు, ఒక్కో మాటా విడదీసి చదివాడు. "బ్యాంకు ఆవరణలో నేను ఊడుస్తూ, గోడకు ఆనించి ఉన్న తుపాకిని నా చేతితో పక్కకు జరుపగా, అది కిందపడి పేలినది. ఇందులో ఎవరి తప్పు లేదు."

సదానందం పోశవ్వ మొహం చూడలేక ఆమె చేతులు చూశాడు. అవి దుప్పటి మీద బోర్లా పడి ఉన్నాయి. చీపురు పట్టి పట్టి బొటనవేలి పక్కన చర్మం కాయకట్టి ఉంది.

"గా చేతితో అన్నకాడ ఇంకోపారి చదువు సారూ" అన్నది పోశవ్వ.

దశరథం ఉత్సాహంగా చదివాడు. "తుపాకిని నా చేతితో పక్కకు జరుపగా." చదివి, సిరా డబ్బాను ఆమె చేతి దగ్గరికి జరిపాడు.

పోశవ్వ సిరా వైపు చూడలేదు. దశరథం వైపూ చూడలేదు. నిలబడి ఉన్న మేనేజరు వైపు చూసింది.

"కుర్చీనే ముట్టనియ్యకపోతిరి గద సారూ, తుపాకి ఎట్ల ముట్టనిచ్చిండ్రు?"